తవ్వకుండా ఆగగల స్తోమత: చెసపీక్ ఎదుగుదల చెప్పే లెక్క

2008 వేసవిలో టెక్సాస్ రాష్ట్రం ఫోర్ట్‌వర్త్ నగరంలో ఏ కాలనీకి వెళ్లినా ఒకటే చర్చ: ఎకరానికి ఎంత ఇస్తున్నారు? అమెరికాలో ప్రైవేటు భూమి కింది ఖనిజం మీద హక్కు సాధారణంగా ప్రభుత్వానిది కాదు, ప్రైవేటు యజమానిది. పాత యజమాని ఆ హక్కును విడిగా ఉంచుకోకపోతే, ఇంటితో పాటు ఇంటి అడుగున రెండు కిలోమీటర్ల లోతున ఉన్న గ్యాస్ కూడా ఇంటాయనదే. ఆ గ్యాస్ తీసుకునే హక్కు కోసం కంపెనీ మనుషులు ఇళ్ల చుట్టూ తిరిగేవారు. సంతకం పెడితే ముందే ఒక బోనస్ చెక్కు, గ్యాస్ వచ్చాక అమ్మకంలో నాలుగో వంతు దాకా రాయల్టీ. మొదట్లో ఎకరానికి కొన్ని వందల డాలర్లున్న బోనస్ 2008 మధ్యకల్లా 20 వేలు దాటింది. పావు ఎకరం స్థలంలో ఇల్లున్న సామాన్య కుటుంబానికి ఒక్క సంతకంతో 5 వేల డాలర్లు. పెరట్లో గడ్డి కూడా కదలదు. బావి ఎక్కడో అర మైలు అవతల తవ్వి, భూమి లోపల అడ్డంగా తిప్పి ఇంటి కిందికి తెస్తారు.

ఆ చెక్కులు రాసిన కంపెనీల్లో అందరికంటే దూకుడుగా వెళ్లింది చెసపీక్ ఎనర్జీ. 2006లో డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం అడుగున ఉన్న సుమారు 18 వేల ఎకరాలను 18.1 కోట్ల డాలర్ల బోనస్‌తో లీజుకు తీసుకున్నదీ ఈ కంపెనీయే. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లు ఏడాదికి ఒకటి రెండుసార్లయినా దిగే విమానాశ్రయం అది. రన్‌వేల పక్కనే రిగ్గులు నిలబెట్టి గ్యాస్ తీశారు.

స్వతంత్ర గ్యాస్ ఉత్పత్తి కంపెనీ ఎలా ఎదుగుతుంది, ఎక్కడ దెబ్బ తింటుంది అని తెలుసుకోవాలంటే చెసపీక్ కథకు మించినది లేదు. ఎందుకంటే ఎదగడానికి ఈ రంగంలో ఉన్న దాదాపు అన్ని దారులనూ ఈ ఒక్క కంపెనీయే తొక్కింది. కొన్ని దారుల్లో శిఖరానికి వెళ్లింది, అవే దారుల్లో దివాలాకూ వెళ్లింది, తర్వాత లేచి మళ్లీ అమెరికాలో అతి పెద్ద గ్యాస్ ఉత్పత్తిదారు అయింది.

ముందు ‘స్వతంత్ర’ అనే మాట సంగతి. ఎక్సాన్, షెవ్రాన్ లాంటి కంపెనీలకు బావులతో పాటు రిఫైనరీలు, రసాయన ఫ్యాక్టరీలు, పెట్రోలు బంకులు ఉంటాయి. ముడి సరుకు ధర పడితే ఒక చేత్తో పోయింది ఇంకో చేత్తో కొంత వస్తుంది. స్వతంత్ర ఉత్పత్తిదారుకు ఆ రెండో చెయ్యి లేదు. భూమి లోంచి గ్యాస్ తీయడం, పైప్‌లైన్‌లోకి ఎక్కించడం, మార్కెట్ ఎంతిస్తే అంత తీసుకోవడం. వాళ్ల గ్యాస్‌కు, పక్క కంపెనీ గ్యాస్‌కు వాసనలో కూడా తేడా ఉండదు. బ్రాండు లేదు, బేరం లేదు. లూసియానాలోని హెన్రీ హబ్ అనే పైప్‌లైన్ల కూడలిలో పలికే ధరే అందరికీ కొలబద్ద.

అందుకే ఇలాంటి కంపెనీ ఎదుగుదలను ఉత్పత్తి అంకెలతో కొలిస్తే పొరపాటు పడతాం. అడగాల్సిన ప్రశ్న వేరే: ధర పడిపోయినప్పుడు తవ్వకుండా ఆగగల స్తోమత ఆ కంపెనీకి ఉందా? చెసపీక్‌కు ఆ స్తోమత లేకుండా పోయింది. ఎలా పోయిందన్నదే అసలు విషయం.

ఓక్లహోమా సిటీ కేంద్రంగా 1989లో ఆబ్రీ మెక్లెండన్, టామ్ వార్డ్ అనే ఇద్దరు కలిసి 50 వేల డాలర్లతో చెసపీక్‌ను మొదలుపెట్టారు. మెక్లెండన్ భూగర్భ శాస్త్రవేత్త కాదు, ఇంజినీరూ కాదు. ఆయన వృత్తి ‘ల్యాండ్‌మ్యాన్’, అంటే ఫలానా భూమి కింది హక్కు ఎవరి పేరున ఉందో రికార్డుల్లో వెతికి, వాళ్ల చేత లీజు మీద సంతకం పెట్టించే మనిషి. కంపెనీ నడక మొత్తం ఈ వృత్తి నుంచే వచ్చిందని చెప్పాలి. 1993లో స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. టెక్సాస్‌లోని ఆస్టిన్ చాక్ రాతిపొరలో అడ్డం బావులు తవ్వి పేరు తెచ్చుకుంది. అదే పద్ధతి లూసియానా వైపు ఆ పొర కొనసాగింపులో పనిచేయక 1998 నాటికి మునిగిపోయే పరిస్థితికి వచ్చింది. ఆ దెబ్బ నుంచి బయటపడ్డాక మెక్లెండన్ ఒక అంచనాకు వచ్చారు. అమెరికాలో గ్యాస్ కరువు రాబోతోంది, ధరలు పెరుగుతాయి, కాబట్టి ఇప్పుడు దొరికినంత భూమి పట్టాలి.

ఆ అంచనాలో మొదటి సగం అప్పటికి తప్పేం కాదు. 2000ల మొదట్లో అమెరికా బయటి నుంచి ద్రవీకృత గ్యాస్, అంటే ఎల్‌ఎన్‌జీ, దిగుమతి చేసుకోవడానికి టెర్మినళ్లు కడుతోంది. ఈలోగా జార్జ్ మిచెల్ కంపెనీ ఫోర్ట్‌వర్త్ పరిసరాల్లోని బార్నెట్ షేల్ అనే గట్టి రాతిపొరలో ఏళ్ల తరబడి తంటాలు పడి, 1990ల చివరికి నీళ్లు ఎక్కువ, జిగురు తక్కువ వాడే ఫ్రాకింగ్ పద్ధతిని, అంటే బావిలోకి ఒత్తిడితో నీళ్లు పంపి రాయిని చీల్చే పద్ధతిని, దారికి తెచ్చింది. 2002లో ఆ కంపెనీని డెవాన్ కొనేసింది. డెవాన్ ఆ పద్ధతికి అడ్డం బావులను జత చేసింది. పనికిరాదనుకున్న నల్లరాయి గ్యాస్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇక ప్రశ్న గ్యాస్ ఎక్కడ ఉందన్నది కాదు. షేల్ పొర ఎక్కడ ఉందో అందరికీ తెలుసు. దాని మీది భూమి ఎవరు ముందు పడతారన్నదే పోటీ. ఇది ల్యాండ్‌మ్యాన్ ఆట. మెక్లెండన్‌కు ఈ ఆట పుట్టుకతో వచ్చినట్టు వచ్చు.

బార్నెట్, ఆర్కన్సాలో ఫాయెట్‌విల్, లూసియానాలో హేన్స్‌విల్, పెన్సిల్వేనియాలో మార్సెలస్, తర్వాత దక్షిణ టెక్సాస్‌లో ఈగిల్ ఫోర్డ్. చెసపీక్ చేతిలోకి వచ్చిన భూమి ఒక దశలో సుమారు 1.5 కోట్ల ఎకరాలకు చేరింది. అంటే తెలంగాణ విస్తీర్ణంలో సగానికి పైగా భూమి ఒక్క ప్రైవేటు కంపెనీ లీజుల్లో ఉంది.

ఇంత భూమికి డబ్బెక్కడిది? అప్పు. ఆ అప్పు తీర్చడానికి మెక్లెండన్ కనిపెట్టిన పద్ధతి నిజంగా తెలివైనదని ఒప్పుకోవాలి. ముందుగా ఎవరికీ తెలియకుండా ఒక ప్రాంతంలో చవగ్గా లీజులు తీసుకోవడం, కొన్ని బావులు తవ్వి గ్యాస్ ఉందని చూపించడం, ఆ తర్వాత అందులో కొంత వాటాను పెద్ద కంపెనీకి అనేక రెట్లకు అమ్మడం. 2008 నవంబరులో నార్వే కంపెనీ స్టాట్‌ఆయిల్‌తో కుదిరిన ఒప్పందం చూడండి. మార్సెలస్‌లో చెసపీక్‌కు ఉన్న 18 లక్షల ఎకరాల్లో 32.5 శాతం వాటాకు ధర 337.5 కోట్ల డాలర్లు. అందులో 125 కోట్లు నగదు. మిగిలిన 212.5 కోట్లు, చెసపీక్ తన వాటాకు పెట్టాల్సిన బావుల ఖర్చులో 75 శాతాన్ని స్టాట్‌ఆయిల్ భరిస్తూ పోవడం ద్వారా చెల్లుతుంది. లెక్క తీస్తే ఎకరానికి 5,700 డాలర్లకు పైనే పడింది. హేన్స్‌విల్‌లో ప్లెయిన్స్ ఎక్స్‌ప్లొరేషన్, ఫాయెట్‌విల్‌లో బీపీ, బార్నెట్‌లో ఫ్రాన్స్ కంపెనీ టోటల్, ఈగిల్ ఫోర్డ్‌లో చైనా కంపెనీ సీనూక్ ఇలాగే వచ్చి చేరాయి. లీజులు కొని ఐదు, పది రెట్లకు అమ్మడం గ్యాస్ తీసి అమ్మడం కంటే ఎంతో లాభమని మెక్లెండన్ 2008లో మదుపరులకు బాహాటంగానే చెప్పారు.

ఈ మాట చాలా విషయాలు చెబుతుంది. అప్పటికి చెసపీక్ పైకి గ్యాస్ కంపెనీ, లోపల రియల్ ఎస్టేట్ కంపెనీ. రియల్ ఎస్టేట్‌లో తర్వాతి కొనుగోలుదారు ఉన్నంత కాలమే ధర ఉంటుంది. కొన్నవాళ్ల గతి ఏమైందో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. 2011లో చెసపీక్ ఫాయెట్‌విల్‌లో తనకున్నదంతా ఆస్ట్రేలియా గనుల కంపెనీ బీహెచ్‌పీకి 475 కోట్ల డాలర్లకు అమ్మేసింది. మరుసటి ఏడాదే బీహెచ్‌పీ ఆ ఆస్తి విలువను తన లెక్కల్లో 284 కోట్లు తగ్గించుకుంది. 2018లో దాన్ని 30 కోట్లకు వదిలించుకుంది. మన దేశం నుంచీ ఈ సంతకు వెళ్లినవాళ్లున్నారు. 2010లో రిలయన్స్ మార్సెలస్‌లో అట్లాస్ ఎనర్జీ భూముల్లో 40 శాతం వాటా తీసుకుంది. ఒప్పందం విలువ 170 కోట్ల డాలర్లు, అందులో ఎక్కువ భాగం బావుల ఖర్చు భరించడం రూపంలో. ఆ ఆస్తిని 2021లో నార్తర్న్ ఆయిల్ అండ్ గ్యాస్‌కు 25 కోట్ల డాలర్ల నగదుకు, కొన్ని షేర్ వారంట్లకు (ముందే అనుకున్న ధరకు షేర్లు కొనే హక్కులకు) ఇచ్చేసింది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. లీజు అంటే కొనుగోలు కాదు, గడువున్న హక్కు. సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు. ఆ లోపల బావి తవ్వి గ్యాస్ తీయడం మొదలుపెడితే, గ్యాస్ వస్తున్నంత కాలం లీజు నిలుస్తుంది. లేదంటే గడువు రోజున హక్కు పోతుంది, ఇచ్చిన బోనస్ వెనక్కి రాదు.

హేన్స్‌విల్‌లో ఒక బావికి సాధారణంగా ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాల యూనిట్ కేటాయిస్తారు. ఎకరానికి 25 వేల డాలర్లు బోనస్ ఇచ్చారనుకుందాం. ఒక్క యూనిట్‌కే 1.6 కోట్ల డాలర్లు పెట్టారు. మూడేళ్లు తిరిగాయి. గ్యాస్ ధర సగానికి పడింది. ఇప్పుడు బావి తవ్వితే దాని ఖర్చు మీద 20 లక్షలు నష్టం వస్తుందని ఇంజినీర్లు లెక్క వేశారు. తవ్వకపోతే? 1.6 కోట్ల భూమి పోతుంది, దాని కింద ఇంకో ఏడెనిమిది బావులు తవ్వుకునే భవిష్యత్తు కూడా పోతుంది. కాబట్టి నష్టానికే తవ్వుతారు. పక్క యూనిట్‌లో ఉన్న కంపెనీదీ ఇదే లెక్క, ఇదే తవ్వకం. గ్యాస్ వద్దని మార్కెట్ మొత్తుకుంటున్న సమయంలో వందల రిగ్గులు లీజు గడువుల కోసం తిరుగుతూనే ఉంటాయి. అందరూ కలిసి ధరను ఇంకా కిందికి నెడతారు. ఇది ఏ ఒక్కరి మూర్ఖత్వమూ కాదు. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే. లీజు కాగితం మీద ఉన్న తేదీయే ఆ పని చేయిస్తుంది.

భాగస్వామి బావుల ఖర్చు భరిస్తానన్న ఒప్పందాలు దీనికి తోడయ్యాయి. ఎదుటివాడి డబ్బుతో తవ్వే అవకాశం ఉన్నప్పుడు ఎవరు ఆగుతారు? తవ్వితేనే ఆ డబ్బు చేతికొస్తుంది.

షేల్ బావి గుణం కూడా కలిసి రాలేదు. మొదటి ఏడాదిలోనే ఉత్పత్తి సగానికి మించి పడిపోతుంది, తర్వాత ఏళ్ల తరబడి సన్నగా వస్తూ ఉంటుంది. కొత్త బావులు ఎక్కువున్న కంపెనీ మొత్తం ఉత్పత్తి కూడా ఏటా వేగంగా తరుగుతుంది. ఉదాహరణకు ఈ ఏడాది 100 యూనిట్లు తీసిన కంపెనీకి వచ్చే ఏడాది పాత బావుల నుంచి 65 మాత్రమే వస్తాయనుకోండి. ఉన్నచోట నిలబడడానికే 35 కొత్తగా కావాలి. 10 శాతం పెరుగుతామని మదుపరులకు మాట ఇస్తే 45 కావాలి. ఆ 45లో చాలా భాగం ఆ పై ఏడాదికి కరిగిపోతుంది. ఎంత వేగంగా పెరిగితే మరుసటి ఏడాది భారం అంత ఎక్కువ.

2008 జులైలో 10 లక్షల బీటీయూల (బీటీయూ వేడిని కొలిచే యూనిట్) గ్యాస్, అంటే దాదాపు వెయ్యి ఘనపు అడుగులు, 13 డాలర్లు దాటింది. ఆ శరదృతువుకు ఆర్థిక సంక్షోభం వచ్చి పడింది. ఫోర్ట్‌వర్త్ కాలనీల్లో లీజు ఆఫర్లు రాత్రికి రాత్రి వెనక్కి పోయాయి. మెక్లెండన్ అప్పు తెచ్చి కొన్న తన సొంత షేర్లు 3 కోట్లకు పైగా, అంటే దాదాపు మొత్తం వాటా, అప్పిచ్చినవాళ్ల ఒత్తిడికి అమ్మేయాల్సి వచ్చింది. అయినా కంపెనీ దారి మార్చుకోలేదు. పైగా 2011 చివర్లో ధరలు పెరుగుతాయన్న నమ్మకంతో 2012 అమ్మకాలకు ముందుగానే ఖరారు చేసుకున్న ధరల రక్షణను చాలావరకు తీసేసింది. 2012 ఏప్రిల్‌లో ధర 2 డాలర్ల కిందికి దిగింది. కంపెనీ తవ్వే ప్రతి బావిలో 2.5 శాతం వాటాను వ్యవస్థాపకుడు సొంతానికి తీసుకునే ఏర్పాటు ఉందని అంతకు ముందు నుంచే తెలుసు. ఆ వాటాలను తాకట్టు పెట్టి ఆయన 100 కోట్ల డాలర్లకు పైగా అప్పు చేశారని అదే నెలలో బయటపడింది. చైర్మన్ పదవి పోయింది, 2013 ఏప్రిల్‌లో సీఈఓ పదవి కూడా. లీజు వేలంపాటల్లో కుమ్మక్కయ్యారని 2016 మార్చి 1న ఆయన మీద అభియోగపత్రం దాఖలైంది. ఆయన ఖండించారు. మర్నాడే కారు ప్రమాదంలో చనిపోయారు, కేసు ముగిసింది.

ఆయన పోకడ గురించి ఎన్ని మాటలున్నా, అమెరికాలో గ్యాస్ కొదవ లేకుండా పోవడానికి ఆయన కంపెనీ పెట్టిన ఖర్చు కూడా ఒక కారణం. ఆ దేశంలో రోజువారీ ఉత్పత్తి 2005లో సుమారు 5,000 కోట్ల ఘనపు అడుగులు. 2023కల్లా 10,000 కోట్లు దాటింది. గ్యాస్ కరువు వస్తుందని భూమి పట్టిన మనిషి తెచ్చింది గ్యాస్ వరద. తాను పందెం కాసిన ధరను తన బావులే పడగొట్టాయి.

తర్వాత వచ్చిన యాజమాన్యానికి మిగిలింది పాత వాగ్దానాల చిట్టా. అందులో అందరూ తక్కువ అంచనా వేసేది పైపుల సంగతి. 2012లో డబ్బు అవసరమై చెసపీక్ తన గ్యాస్ సేకరణ పైప్‌లైన్లను అమ్మేసింది. అమ్మిన పైపుల్లోంచే తన గ్యాస్ పంపుతానని, కనీసం ఇంత పంపుతానని, పంపకపోయినా డబ్బు కడతానని రాసిచ్చింది. సొంత ఇల్లు అమ్మి అదే ఇంట్లో ఎక్కువ అద్దెకు ఉన్నట్టు. ఈ రవాణా ఖర్చులు రాయల్టీలోంచి కోసుకోవడంతో లీజు ఇచ్చిన కుటుంబాలతో తగాదాలు, కోర్టు కేసులు నడిచాయి. ఎకరానికి వేల డాలర్ల చెక్కు తీసుకున్న చేతులకే, నెల తిరిగేసరికి కోతలు పోగా వచ్చే రాయల్టీ చెక్కు చూసి ఒళ్లు మండింది.

2016లో చెసపీక్ బార్నెట్ నుంచి వెళ్లిపోవాలనుకుంది. ఒకప్పుడు ఒక్కో ఇంటి తలుపు తట్టి కొన్న భూమి. దాన్ని అమ్మితే డబ్బు రాలేదు. వదిలి వెళ్లడానికి తానే ఎదురు కట్టాల్సి వచ్చింది. పైప్‌లైన్ ఒప్పందం రద్దు కోసం విలియమ్స్ సంస్థకు చెల్లించింది 33.4 కోట్ల డాలర్లు. విమానాశ్రయం లీజు బోనస్‌కు దాదాపు రెట్టింపు.

చమురు వైపు తిరిగి చూసింది. 2019లో సుమారు 400 కోట్ల డాలర్లతో వైల్డ్‌హార్స్ అనే చమురు కంపెనీని కొనడం పూర్తి చేసింది. ఏడాది తిరిగాక కోవిడ్ వచ్చి చమురు ధరను కూల్చింది. 2020 జూన్ 28న చెసపీక్ దివాలా రక్షణ కోరింది. దాదాపు 700 కోట్ల డాలర్ల అప్పు రద్దయింది. పాత వాటాదారులకు మిగిలింది ఏమీ లేదు.

ఇదే కాలంలో పిట్స్‌బర్గ్‌లో ఇంకో పాఠం నడుస్తోంది. ఈక్యూటీ అనే పాత కంపెనీ 2017లో రైస్ ఎనర్జీని 670 కోట్ల డాలర్లకు కొని అమెరికాలో అతి పెద్ద గ్యాస్ ఉత్పత్తిదారు అయింది. చెప్పిన కారణం బాగుంది: రెండు కంపెనీల భూములు పక్కపక్కనే ఉన్నాయి, కలిపితే పొడవాటి అడ్డం బావులు తవ్వవచ్చు, ఖర్చు తగ్గుతుంది. జరిగింది వేరు. ఖర్చు తగ్గకపోగా పెరిగింది. కొన్నవాళ్లకు పద్ధతి రాలేదు. 2019లో రైస్ కుటుంబం అన్నదమ్ములే వాటాదారుల దగ్గరికి వెళ్లి ఓట్లడిగి, భారీ మెజారిటీతో గెలిచి, టోబీ రైస్ సీఈఓగా కంపెనీని చేతిలోకి తీసుకున్నారు.

వాళ్లు చేసిన మార్పు వినడానికి ఏమంత గొప్పగా ఉండదు. ఇక్కడొక బావి, అక్కడొక బావి కాకుండా, ఒక ప్రాంతంలో పక్కపక్కన ఉన్న స్థలాల నుంచి పది ఇరవై బావులు వరసగా ఒకే విడతలో తవ్వడం. రిగ్గు అటూ ఇటూ తిరిగే ఖర్చు పోతుంది. ఫ్రాకింగ్‌కు కావాల్సిన నీటికి ఒకే పైపు చాలు. ఒక బావిలోంచి బయటికొచ్చిన నీటినే పక్క బావికి వాడొచ్చు. ముందు తవ్విన బావి చుట్టూ ఒత్తిడి తగ్గాక పక్కన తవ్వితే రెండూ ఒకదాన్నొకటి దెబ్బతీసుకుంటాయి. ఒకేసారి తవ్వితే ఆ బెడద ఉండదు. కానీ ఇది చేయాలంటే నీరు, అనుమతులు, రోడ్లు ఏడాది, రెండేళ్ల ముందే సిద్ధం చేసుకోవాలి. లీజు గడువుల వెంట పరుగెత్తే కంపెనీకి ఇది సాధ్యం కాదు. ఆ తర్వాతే ఈక్యూటీ మళ్లీ కొనుగోళ్లకు దిగింది. 2020లో అపలేచియా ప్రాంతంలోని (పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా కొండ ప్రాంతం) షెవ్రాన్ ఆస్తులు, 2021లో ఆల్టా, 2023లో టగ్ హిల్. ఖాళీ భూమి కోసం కాదు, అప్పటికే గ్యాస్ వస్తూ లీజు స్థిరపడ్డ భూమి కోసం.

2018లో ఈక్యూటీ తన పైప్‌లైన్ విభాగాన్ని ఈక్విట్రాన్స్ పేరుతో విడదీసింది. 2024లో అదే కంపెనీని సుమారు 550 కోట్ల డాలర్ల షేర్ల ఒప్పందంతో మళ్లీ కలుపుకుంది. ఆరేళ్లలో ఎందుకీ మార్పు? పైపు వేరేవాళ్లదైతే ప్రతి వెయ్యి ఘనపు అడుగులకూ చార్జీ కట్టాలి, గ్యాస్ ధర ఎంతున్నా కట్టాలి. పైపు తనదైతే ఆ ఖర్చు తగ్గి, ఇంకా తక్కువ ధరను కూడా తట్టుకోగలదు. పైగా ఆ ప్రాంతంలో కొత్త పైపు వేయడమే గగనమైపోయింది. అట్లాంటిక్ కోస్ట్ పైప్‌లైన్‌ను 2020లో మధ్యలోనే వదిలేశారు. వెస్ట్ వర్జీనియా నుంచి వర్జీనియాకు 303 మైళ్ల మౌంటెన్ వ్యాలీ పైప్‌లైన్ కోర్టుల్లో చిక్కుకుని, చివరికి అమెరికా పార్లమెంటు ప్రత్యేకంగా చట్టంలో రాస్తే 2024 జూన్‌లో నడక మొదలుపెట్టింది. కింద ఎంత గ్యాస్ ఉన్నా బయటికి పోయే దారి ఎంత ఉందో అంతే ఎదుగుదల.

దివాలా నుంచి 2021లో బయటికొచ్చిన చెసపీక్ ఈ పాఠాలన్నీ నేర్చుకున్న కంపెనీలా నడిచింది. అదే ఏడాది అక్టోబరులో సీఈఓ అయిన నిక్ డెల్లోసో బయటి మనిషి కాదు. మెక్లెండన్ హయాంలో 2010 నుంచి ఆర్థిక వ్యవహారాలు చూసినవారే. అప్పుల కుప్ప దగ్గరుండి చూసిన మనిషి చేతికే మళ్లీ పగ్గాలు రావడం గమనించదగ్గ విషయం. హేన్స్‌విల్‌లో వైన్ ఎనర్జీని, పెన్సిల్వేనియాలో చీఫ్ కంపెనీని కొన్నారు. ఈగిల్ ఫోర్డ్ భూములు అమ్మేశారు. 2024 అక్టోబరు 1న సౌత్‌వెస్టర్న్ ఎనర్జీని పూర్తిగా షేర్ల మార్పిడితో కలుపుకుని, ఎక్స్‌పాండ్ ఎనర్జీ అని పేరు మార్చుకున్నారు. ఇప్పుడు ఆ ఒక్క కంపెనీ తీసే గ్యాస్ భారతదేశం మొత్తం ఉత్పత్తికి సుమారు రెట్టింపు.

మన దగ్గర ఇలాంటి కంపెనీ ఎందుకు పుట్టలేదన్న ప్రశ్న కృష్ణా-గోదావరి బేసిన్ తీరంలో ఉన్నవాళ్లకు రావడం సహజం. గ్యాస్ లేక కాదు. రవ్వ, డీ6 క్షేత్రాలు ఇక్కడివే. కానీ ఇక్కడ భూగర్భంలోని గ్యాస్ ప్రభుత్వానిది. కోనసీమలో కొబ్బరితోట పక్కన బావి తవ్వితే రైతుకు దక్కేది భూమి వాడకానికి, పంట నష్టానికి పరిహారం. రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి పోతుంది. ల్యాండ్‌మ్యాన్ అనే వృత్తికే ఇక్కడ చోటు లేదు. ఓఎన్‌జీసీ లాంటి సంస్థల పాత క్షేత్రాల గ్యాస్ ధరను కూడా 2023 ఏప్రిల్ నుంచి చమురు ధరలో 10 శాతంగా, 4 డాలర్లకు తగ్గకుండా, మొదటి రెండేళ్లు 6.5 డాలర్లు మించకుండా కేంద్రం లెక్కగట్టింది. అయినా తొందరపాటు ప్రకటనల జబ్బు మాత్రం ఇక్కడా ఉంది. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ 2005లో కాకినాడ తీరంలోని దీన్ దయాళ్ క్షేత్రంలో 20 లక్షల కోట్ల ఘనపు అడుగుల గ్యాస్ ఉందని ప్రకటించింది. వేల కోట్ల అప్పు చేసి తవ్వాక అంత గ్యాస్ లేదని తేలింది. 2017లో తన 80 శాతం వాటాను ఓఎన్‌జీసీకి అప్పగించి బయటపడింది. భూగర్భంలో ఉందనుకునే గ్యాస్ మీద అప్పు చేస్తే వడ్డీ మాత్రం ఖాయంగా కట్టాలి.

కొత్త పద్ధతికి అసలు పరీక్ష 2024లో వచ్చింది. చలికాలం వెచ్చగా గడిచింది, గ్యాస్ నిల్వలు మిగిలిపోయాయి, ధర 2 డాలర్ల కంటే బాగా కిందికి పడింది. ఒకప్పుడైతే చాలామంది తవ్వుతూనే ఉండేవారు. ఈసారి ఈక్యూటీ రోజుకు 100 కోట్ల ఘనపు అడుగుల ఉత్పత్తిని కొన్నాళ్లు ఆపేసింది. చెసపీక్ రిగ్గులు తగ్గించి, తవ్వి సిద్ధంగా ఉన్న బావులను తెరవకుండా పక్కన పెట్టింది. పైపు బిగించి, వాల్వు తిప్పితే గ్యాస్ వచ్చే బావులవి. మంచి ధర వచ్చే రోజు కోసం అలా ఉంచారు. లీజులు అప్పటికే స్థిరపడ్డాయి కాబట్టి తేదీ భయం లేదు. అప్పు తక్కువ కాబట్టి వడ్డీ కోసం నష్టానికి అమ్మే అవసరం లేదు. స్వతంత్ర గ్యాస్ కంపెనీల చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

ఇక ముందున్న ఎదుగుదల కొనేవాళ్లను బట్టి ఉంది. దిగుమతి కోసం కట్టిన లూసియానాలోని సబీన్ పాస్ టెర్మినల్ నుంచి 2016 ఫిబ్రవరిలో ఎగుమతి మొదలైంది. హేన్స్‌విల్ ఆ తీరానికి దగ్గర కాబట్టే అక్కడి భూములకు విలువ తిరిగొచ్చింది. పెన్సిల్వేనియాలో మూతపడిన హోమర్ సిటీ బొగ్గు విద్యుత్ కేంద్రం స్థలంలో డేటా సెంటర్ల కోసం 4,400 మెగావాట్ల గ్యాస్ ప్లాంటు తలపెట్టారు. దానికి గ్యాస్ సరఫరా చేయడానికి ఈక్యూటీ ఒప్పుకుంది. ఇంతవరకూ బాగానే ఉంది.

ఈక్యూటీ ఇంకో అడుగు కూడా వేసింది. 2025లో పోర్ట్ ఆర్థర్, రియో గ్రాండే టెర్మినళ్లతో 20 ఏళ్ల ఒప్పందాలు చేసుకుంది. టెర్మినల్ దగ్గర ఎల్‌ఎన్‌జీ కొని, దాన్ని తన సొంత పూచీ మీద విదేశాల్లో అమ్ముకుంటుంది. ప్రపంచ ధర ఎక్కువుంటే మంచి లాభం. కానీ ఇలాంటి ఒప్పందాల్లో ఓడ ఎక్కించినా, ఎక్కించకపోయినా ద్రవీకరణ చార్జీ కట్టక తప్పదు. మన ప్రభుత్వ రంగ గ్యాస్ సంస్థ గెయిల్‌కు ఈ సంగతి అనుభవమే. సబీన్ పాస్ నుంచి ఏటా 35 లక్షల టన్నులకు 20 ఏళ్ల ఒప్పందం చేసుకుని, 2018 మార్చిలో మొదటి ఓడను మహారాష్ట్రలోని దాభోల్‌కు తెచ్చింది. ఆ ధరకు ఇక్కడ కొనేవాళ్లు చాలక, కొన్ని ఓడల సరుకును ఇతర దేశాల్లో మార్పిడి చేసుకుని, తిరిగి అమ్మి సర్దుకోవాల్సి వచ్చింది. ఫోర్ట్‌వర్త్ లీజు కాగితం మీద గడువు మూడేళ్లు. ఈ కాగితం మీద 20 ఏళ్లు. చెసపీక్ ఎదురు డబ్బు కట్టి బార్నెట్ నుంచి బయటపడినట్టు, దీంట్లోంచి బయటపడాలంటే ఎంత కట్టాల్సి వస్తుందో ఈక్యూటీ మదుపరులు ప్రతి ఏడాది లెక్కల్లో వెతికి చూసుకోవాలి.